వినపడింది

"నీకూ చెవుడొచ్చిందా ఏంటి? మా అమ్మతోనే వేగలేక చస్తున్నాను!"

హాల్లోంచి మా ఆయన కేక. అప్పటికి మూడోసారట పిలవడం. నాకు నిజంగానే వినపడలేదు. కళ్లజోడు కావాలట. ఆయన ఒళ్లోనే ఉంది. చూపించి వంటింట్లోకి వచ్చాక భయం వేసింది. నా చెవులు పోతున్నాయా? మూలన అత్తయ్య బఠాణీలు ఒలుచుకుంటోంది. ఆవిడకి చెవుడని ఏళ్ల తరబడి ఎవరూ ఏదీ అడగడం లేదు. అదృష్టవంతురాలు, ఎవరి తువ్వాలూ వెతికిపెట్టక్కర్లేదు.

ల్యాబ్‌లో నా పనీ ఇలాంటిదే. కణం ఒంటిమీద రిసెప్టర్లుంటాయి, దాని చెవులనుకోండి. హార్మోన్ వచ్చి తడితే కణం పలుకుతుంది. అదేపనిగా తడుతూనే ఉంటే ఆ చెవుల్ని లోపలికి లాగేసుకుంటుంది. లోపల రెండు దార్లు. ఒకటి వాటిని అరిగించేసే సంచిలోకి, రెండోది మళ్లీ పైకి. హార్మోన్ని కడిగేసి, కణాన్ని దాని మానాన వదిలేస్తే చెవులు తిరిగొస్తాయా? అదే నేను తేల్చాలి. రిసెప్టర్లకి మెరిసే రంగు అంటించి, కణాలున్న గాజు పళ్లేన్ని ఐసులో పెడితే లోపల కదలికంతా ఆగిపోతుంది. ఐసులోంచి తీశామా, కదలిక మళ్లీ మొదలు, ఇక మైక్రోస్కోప్ మీంచి కళ్లు తిప్పకూడదు.

కిందటిసారి తీసీ తియ్యగానే మా ఆయన ఫోన్. కుక్కర్ మూత పట్టడం లేదట. అంతకుముందు గ్యాస్ అబ్బాయి వచ్చాడని. మాట్లాడి వచ్చేసరికి ఏవి పైకొచ్చాయో, ఏవి అరిగాయో చూసినవాళ్లు లేరు.

ప్రొఫెసర్ గారు జాలిగానే అన్నారు. "ఇల్లూ ఇదీ రెండూ కష్టమేనమ్మా. ఈసారీ పాడైతే ఇంకొకరికి అప్పజెప్తాను. నీకూ కాస్త ఊపిరాడుతుంది."

నాకు ఊపిరాడేది ఈ గదిలోనే అని ఆయనకెలా చెప్పను?

ఇవాళ పళ్లేన్ని ఐసులోంచి తీశాను. ఫోన్ మోగింది. మా ఆయనే. చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది, ఇన్నేళ్ల అలవాటు కదా. ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పళ్లెం తీసేసిన ఐసు డబ్బాలో పూడ్చేశాను. అది అడుగునుంచి కాసేపు గొణిగి ఊరుకుంది.

మైక్రోస్కోప్‌లో కణం మధ్యనున్న వెలుగు చుక్కలు ఒక్కొక్కటే అంచుకి జరిగాయి. చివరికి అంచంతా సన్నటి మెరుపు. అరిగిపోలేదు. తిరిగొచ్చాయి.

ప్రొఫెసర్ గారు చాలాసేపు వంగి చూశారు. "ఇది నీదే. నువ్వే పూర్తి చెయ్యి," అన్నారు.

ఇంటికెళ్లేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు.

"ఎన్నిసార్లు చేశానో తెలుసా? గీజర్ స్విచ్ ఏదో చెప్పడానికి కూడా దిక్కులేదు! వినపడలేదా?"

వినపడలేదంటే సరిపోయేది. రోజూ అదే అంటాను.

"వినపడింది. ఎత్తలేదు. ఇకమీదట పనిలో ఉంటే ఎత్తను."

ఆయన విసురుగా హాల్లోకి వెళ్లిపోయాడు. వంటింట్లోకి వెళ్తే అత్తయ్య చేతులు ఆగి ఉన్నాయి. నా వైపు చూడకుండానే మెల్లగా అంది.

"నాకూ వినపడుతుందే అమ్మాయ్. మీ మామయ్య పోయిన కొన్నాళ్లకే తిరిగొచ్చింది. ఎవరికీ చెప్పలేదు."

అమ్మకి చెవుడన్న సంగతే మరిచిపోయి హాల్లోంచి కేక. "అమ్మా! నువ్వైనా చెప్పు, గీజర్ స్విచ్ ఎక్కడ?"

అత్తయ్య నావైపు నాలుగు బఠాణీ కాయలు జరిపింది. ఇద్దరం ఒలుచుకుంటూ కూర్చున్నాం.