చిల్లుల్లేని బొత్తాలు

తలుపు తట్టి దేవుణ్ణి పంచిపెట్టే వాళ్ళను వదిలించుకోవడంలో ఆ ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య. ఇంటాయన గంట మోగగానే స్నానాలగదిలో దూరి కుళాయి తిప్పేవాడు. కాలేజీ చదువుతున్న కూతురు తన గదిలోంచే "ఇంట్లో ఎవరూ లేరండీ!" అని గొంతు చించుకునేది. కింది వాటాలోని రిటైర్డ్ లెక్చరరు తర్కంతో తరిమేస్తానని బయల్దేరాడు గానీ, ఇప్పుడు వాళ్ళు ఆయన కోసం ప్రత్యేకంగా వస్తున్నారు. ఇక ఇంటాయన భార్యది, అంటే ఆ ఇంటి కోడలిది, తడి చేతుల పద్ధతి. మోచేతుల దాకా సబ్బు నురగతో వచ్చి తలుపు తీసేది. కారుతున్న చేతుల్లో పుస్తకం పెట్టడానికి ఎంతటి భక్తుడికైనా మనసొప్పదు కదా.

ఏ విద్యా నేర్వనిది అత్తగారొక్కతే. ఒక గురువారం మధ్యాహ్నం కోడలు మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి ఇద్దరు హాల్లో కుర్చీలేసుకుని కూర్చుని ఉన్నారు. ఒకాయన మొహానికి చిరునవ్వు కుట్టేసినట్టుంది, విప్పితే మొహమే ఊడొస్తుందేమో అన్నట్టు. పక్కన ఎండా వానా లేని రోజున కూడా ఒళ్ళో గొడుగు పెట్టుకున్న ఒకావిడ. అత్తగారు మంచం దిగి వచ్చి, ఎప్పుడో తను కుట్టిన పెళ్ళి కోటు కథ చెబుతోంది. వాళ్ళు "అయ్యో, అవునా అమ్మగారూ!" అంటూ వింటున్నారు.

అత్తగారు ఒకప్పుడు పేరున్న దర్జీ. కిందనే కుట్టు దుకాణం, చేతికింద ముగ్గురు పనివాళ్ళు, నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినబడే గొంతు. కిందటేడు గుండె పట్టుకుని పడిపోయాక దుకాణం మూసేసి, కత్తెర్లూ దారపుకండెలూ బొత్తాల డబ్బానూ మంచం పక్కకు తెచ్చుకుంది. రోజూ రెండు పూటలా మాత్రలు, ఒక్క పూట కూడా తప్పకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ.

"పోనీలే, ఆవిడకి కాలక్షేపం" అనుకుంది కోడలు. ఆ తర్వాత వాళ్ళు ప్రతి గురువారం వచ్చారు. వాళ్ళు వెళ్ళాక గదిలో అగరొత్తీ కాని, అత్తరూ కాని తియ్యటి వాసన ఒకటి మిగిలిపోయేది. కిటికీలు తెరిచినా పోయేది కాదు.

కొన్నాళ్ళకి అత్తగారి పాదాలు పొంగాయి. మంచం నుంచి గుమ్మం దాకా నడిస్తే ఆయాసం. వయసు అన్నాడు కొడుకు. ఉక్కపోత అంది మనవరాలు. కోడలు కూడా ఏదో ఒకటి అనే ఉంటుంది.

ఒక ఉదయం ఇంటాయన చొక్కాకి బొత్తాం ఊడింది. కోడలు అత్తగారి డబ్బాలోంచి తెల్లదొకటి తీసి, దారం ఎక్కించి, చొక్కా మీద పెట్టి సూది గుచ్చబోయింది. చిల్లులు లేవు. తిప్పి చూసింది. అటూ లేవు. మధ్యలో సన్నని గీత ఒకటి ఉంది. వేలికి తెల్లటి పొడి అంటింది. డబ్బా మంచం మీద బోర్లించింది. ముత్యపు బొత్తాలూ, కోటు బొత్తాలూ, వాటి మధ్యన కుప్పగా గుండె మాత్రలు.

కొడుకు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "నీకేమైనా పిచ్చి పట్టిందా అమ్మా? చచ్చిపోదామనా?"

"బతుకుదామనేరా. నమ్మకం నిండితే మందులతో పని లేదంట. మాత్ర మింగిన ప్రతిసారీ నమ్మకంలో కాస్త కారిపోతుందంట."

"ఎవడన్నాడు?"

"నీలా అరవనివాళ్ళు అన్నారు" అని అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు నుంచి ఎదురుగా నిలబడి మాత్ర మింగించినా లాభం లేకపోయింది. బుగ్గన దాచుకుని, కోడలు అటు తిరగ్గానే తువ్వాల్లోకి ఉమ్మేది. తడిసి సగం కరిగిన ఆ మాత్రల్ని తువ్వాలు మీంచి గోకుతుంటే కోడలికి అసహ్యం వేసేది. అది అత్తగారి ఉమ్మి చూసి కాదు. ఇంట్లోకొచ్చి, మంచినీళ్ళు తాగి, ముసలిమనిషి భయాన్ని వేలితో తడిమి చూసి, సరిగ్గా అక్కడే మేకు దిగేసిన ఆ చిరునవ్వును తలుచుకుని. డాక్టరమ్మ ఫోనులో, "ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే ఆవిణ్ణి నా దగ్గరికి మోసుకురావాల్సి వస్తుంది. అప్పుడు నేను చెయ్యగలిగేది పెద్దగా ఉండదు" అంది.

"ఈ గురువారం రానీ, మెట్ల మీంచి దొర్లిస్తాను" అన్నాడు ఇంటాయన.

"మీరు హాయిగా ఆఫీసుకి వెళ్ళండి. గెంటేస్తే వాళ్ళు మహాత్ములైపోతారు, మనం రాక్షసులమైపోతాం. ఆ తర్వాత అత్తయ్య మాత్రని నోట్లో కూడా పెట్టదు" అంది కోడలు.

గురువారం గంట మోగింది. ఆమె చేతులు పొడిగా తుడుచుకుని తలుపు తీసింది. ఆ ఇంట్లో అలాంటి మర్యాద ఎరగని గొడుగావిడ ఒకడుగు వెనక్కి వేసింది.

"రండి, రండి. మీకోసమే చూస్తున్నాం. ఆ కుర్చీ తీసుకోండి, అది మెత్తగా ఉంటుంది."

అత్తగారు అనుమానంగా కోడలి మొహంలోకి చూసింది. ఇంత తీపిగా ఈ పిల్ల ఎప్పుడు మాట్లాడిందీ?

అందరికీ టీ ఇచ్చాక కోడలు గుప్పెడు మాత్రలు పళ్ళెంలో పోసి బల్ల మీద పెట్టింది. "నాదొక చిన్న సందేహమండీ. చదువుకున్నానన్న మాటే గానీ, ఇలాంటివి నాకు తొందరగా ఎక్కవు. ఇవి మానెయ్యమని మా అత్తయ్యకి చెప్పింది మీరేనా?"

చిరునవ్వాయన పళ్ళెం వైపు కూడా చూడలేదు. "అబ్బే, మానెయ్యమని మేమెప్పుడూ అనమమ్మా. నమ్మకం నిండిన వాళ్ళకి అవసరం రాదని మాత్రమే అన్నాం."

"ఓహో. అయితే వేసుకోమన్నారన్నమాట."

"అలా కూడా అనలేదు. అది అమ్మగారి హృదయం నిర్ణయించుకోవాలి."

అత్తగారు కప్పు కింద పెట్టింది. "అదేంటి బాబూ? మాత్ర మింగితే నమ్మకం కారిపోతుందని నువ్వే అన్నావుగా? కన్నం పడిన కుండలాగా అని చేత్తో కూడా చూపించావు."

"అది ఉదాహరణకి చెప్పానమ్మగారూ."

"ఉదాహరణకా? నేను నిజంగానే మానేశానే!"

గొడుగావిడ గొడుగు పిడి తిప్పడం మొదలుపెట్టింది. కోడలు ఆయన కప్పులో ఇంకాస్త టీ పోసింది. "ఇంకొక్కటే అడుగుతానండీ, విసుక్కోకండి. ఆవిడ కాళ్ళు చూశారుగా, ఎలా వాచాయో. రేపేదైనా జరగరానిది జరిగిందనుకోండి. అప్పుడేమనుకోవాలి మేము?"

ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. తలగడలో మొహం పెట్టి మాట్లాడినట్టుంది. "అలా జరగదు. ఒకవేళ జరిగితే, అమ్మగారి నమ్మకం ఇంకా నిండలేదని అర్థం. లోపం మాత్రం పైనుంచి కాదు."

కోడలి నోట్లో చేదు ఊరింది. మనిషి ఇంకా పోనేలేదు, ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. తప్పు మాత్రం అప్పుడే ఆవిడ నెత్తిన పెట్టేశాడు, అదీ నవ్వుతూ.

అంతలో అత్తగారు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఆయాసపడింది. ఆయాసం తగ్గాక, పాత దుకాణపు గొంతుతో అందుకుంది.

"ఓరి నీ తెలివీ! ఈ మాట నాకు కొత్తనుకున్నావా? కొలత తప్పి గౌను బిగుతైనప్పుడల్లా నేననేది ఇదే. 'కత్తెరలో తప్పేం లేదమ్మా, ఈమధ్య మీరే కాస్త ఒళ్ళు చేశారు' అనేదాన్ని. పాపం, సిగ్గుపడి నోరెత్తకుండా పోయేవాళ్ళు. బిగుతు గౌనుకి ఎవరి ప్రాణమూ పోలేదు గనక సరిపోయింది. నువ్వు ఇదే మాట చెప్పి మనుషుల్ని పాతిపెడుతున్నావా?"

"అమ్మగారూ, మీరు ఆవేశపడుతున్నారు. వచ్చే గురువారం ప్రశాంతంగా..."

"వచ్చే గురువారం నేనుంటే కదా. ఉన్నా నీకు కనబడను. లే."

ఆయన లేచాడు. ఆ మొహం మీది కుట్టు ఒక్క పోగు కూడా తెగలేదు. గుమ్మం దగ్గర కోడలి చేతిలో ఒక పుస్తకం పెట్టబోయాడు, అంతా అయ్యాక కూడా. వెనకనే గొడుగావిడ, "మేము మంచికే చెప్పామక్కా" అని గొణిగింది.

"నేను మీ అక్కని కాను. ఈ గుమ్మం దాటి ఇంకో ముసలావిడ దగ్గరికి వెళ్ళి కూడా ఇలాగే మంచి చెబుతారు మీరు. అందుకే మీరంటే నాకసహ్యం" అని, కోడలు తలుపు మూసి గడియ పెట్టింది.

హాల్లోకి వచ్చేసరికి అత్తగారు పళ్ళెం ముందేసుకుని కూర్చుంది.

"ఇవి కాదత్తయ్యా, పాడైపోయాయి. కొత్తది తెస్తానుండండి."

తెచ్చిన మాత్రను అత్తగారు మింగింది. నోరు తెరిచి, నాలుక ఎత్తి, బుగ్గలు వేళ్ళతో లాగి మరీ చూపించింది.

"దొంగవెధవే అనుకో. కానీ నేను చెప్పేది చివరిదాకా వినేవాడే" అంది నెమ్మదిగా.

అత్తగారి మాట వినడానికి ఇంట్లో కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంది, కూర్చునేవాళ్ళే లేరు. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది అలాంటి మనిషని తలుచుకుంటే, ఈసారి కోడలికి తన మీద తనకే రోత పుట్టింది.

"ఆ పెళ్ళి కోటు సంగతి నాకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు మీరు" అంది.

"చెప్పానే! నువ్వే మధ్యలో లేచిపోయావు."

"అయితే మొదట్నుంచీ చెప్పండి."

కోడలు మెత్త కుర్చీ లాక్కుంది. చిరునవ్వాయన కూర్చున్న చోటు ఇంకా వెచ్చగానే ఉంది. ఒళ్ళు జలదరించింది. వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చి, కుర్చీని ఒకటికి రెండుసార్లు తుడిచి, అప్పుడు కూర్చుంది.