నాగూర్‌బీ తాళం

నేను ఒక క్యాసెట్‌ను. ఏ, బీ అని రెండు ముఖాలున్నదాన్ని. మనుషులకూ రెండుంటాయి గానీ, వాళ్ళు పైన రాసుకోరు. నా కడుపు నిండా రీలే. అయినా రీళ్ళు వదిలే అలవాటు లేదు కాబట్టి నా మాట నమ్మండి.

మా వంశం పెద్దది. సూది పోటుకు పాడిన గ్రామఫోను రికార్డు మా తాత. నన్ను వెనక్కి నెట్టిన సీడీ అద్దంలాంటి అందగత్తె. ఒక్క గీత పడింది, తలరాత మారిపోయింది. ఆ తరవాత వచ్చిన పెన్‌డ్రైవ్ వేలెడంత లేడు, వేల పాటలు మింగేశాడు. ఇప్పటి పాటలకు అసలు ఒళ్ళే లేదట.

ఖాళీగా పుట్టిన నన్ను అద్దంకిలో సన్నాయి దస్తగిరి కొన్నాడు. ఆ ఇంటి తలుపుకు తాళం లేదు. ఉన్న తాళమంతా ఆయన భార్య నాగూర్‌బీ చేతుల్లోనే. ఆయన సాధనకు కూర్చుంటే ఆమె ఎదురుగా కూర్చుని తొడమీద చరుస్తూ తాళం వేసేది. ఒక మధ్యాహ్నం ఆయన టేపురికార్డరు మీట నొక్కి మోహన రాగం ఎత్తుకున్నాడు. ఆమె చరుపులు, గాజుల చప్పుడు, మధ్యలో ఆమె గొంతు, అన్నీ నాలోకి వచ్చేశాయి.

“ఏందయ్యా ఆ పరుగు? పెళ్ళికొడుకేమన్నా పారిపోతన్నాడా?”

ఆయనకు నవ్వాగలేదు. సన్నాయి తొట్రుపడింది.

ఆ ఏడే నాగూర్‌బీ పోయింది. చీరలు మిగిలాయి, ఫొటో మిగిలింది, గొంతు మాత్రం నా దగ్గరే. వేసినప్పుడల్లా నేను కొంచెం అరుగుతానని ఆయన నన్ను ఎప్పుడో గానీ బయటికి తీసేవాడు కాదు. బతికుండగా ఆమె మాట సగం వినని మనిషి, పోయాక అది అరిగిపోతుందని భయపడ్డాడు.

గ్రహాలు బాగాలేని ఆయనకు చివరికి ఒక ఉపగ్రహం దొరికింది. ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు చిన్న ఉపగ్రహం తయారుచేసి, మన ప్రాంతపు సంగీతాన్ని అంతరిక్షంలోకి పంపుతున్నారని అక్కడి లెక్చరర్ సుచరిత ఇంటికొచ్చి చెప్పింది.

“పైకి పోయింది అరిగిపోదా అమ్మా?”

“తరంగాలకు అరుగుడేంటి తాతగారూ? పోతూనే ఉంటాయి.”

“అయితే ఇందులో ఉండేదంతా పంపించు.”

భార్య గొంతు కోసమే ఇస్తున్నానని పరాయి ఆడపిల్ల ముందు చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గే కొంప ముంచింది.

కాలేజీలో నన్ను ప్లేయర్‌లో వేశారు. నా పాత పూత ఆ ఒక్కసారికే తట్టుకుంది; రాగం ముగిసేసరికి గోధుమరంగు పొడిగా రాలిపోయింది. ఏం ఫరవాలేదు, అంతా కంప్యూటర్‌లోకి ఎక్కిందిగా అనుకున్నాను. సుచరిత శ్రద్ధగా కూర్చుని దాన్ని శుభ్రం చేసింది. చరుపులు, గాజులు, మాటలు, అంతా ఇరుగుపొరుగు గోలనుకుని తీసేసి, పాతదాని మీదే సేవ్ చేసింది. నా నెత్తిన రెండు ప్లాస్టిక్ ముక్కలుండేవి. అవి విరిస్తే నా మీద మళ్ళీ ఎవరూ రికార్డు చేయలేరు. దస్తగిరి వాటిని ఎప్పుడో విరిచేశాడు. పాపం, కంప్యూటర్‌లో విరవడానికి ఏముంది?

ప్రసారం రోజున కాలేజీ హాలు నిండిపోయింది; నన్నూ వేదిక మీద ఒక బల్లపై పెట్టారు. ఆకాశం నుంచి తిరిగొచ్చిన మోహన స్పీకర్లలో కడిగిన ముత్యంలా వినిపించింది. దస్తగిరి చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. ఆ చోటు వచ్చింది. సన్నాయి తొట్రుపడింది. ఎందుకు తొట్రుపడిందో హాల్లో ఇంకెవరికీ తెలియదు. చోటు దాటిపోయింది. ఆయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

“చుట్టూ ఉన్న గోలంతా తీసేశాం తాతగారూ! ఎలా ఉంది?”

“గోలా?” అన్నాడాయన. సుచరిత మొహంలో సంతోషం చూసి తలూపాడు. “బాగుందమ్మా. ఎవడో పాపం, ఒంటరోడు వాయిస్తన్నాడు.”

నన్ను మ్యూజియంలో పెడతామంటే వద్దనలేదు. భోజనానికి ఆగమన్నా ఆగకుండా బస్సెక్కేశాడు.

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో ఉన్నాను. పిల్లలొచ్చి నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. చూసేవాళ్ళకు కొదవలేదు. నన్ను వినేవాడు ఒక్కడే ఉండేవాడు. ఆయన మళ్ళీ రాలేదు.