సార్ అన్న రోజు

సోమలింగం పళ్ళు తోముకుంటూ ఎడమచేత్తో ఫోనులో కాలేజీ వెబ్‌సైటు తెరిచాడు. రోజూ చేసే పనే. కొందరు లేవగానే దేవుడి పటం చూస్తారు, కొందరు అరచేతులు చూసుకుంటారు. సోమలింగం మాత్రం టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ శాఖ అధ్యాపకుల పేజీలో డాక్టర్ ఉమాకాంత్ ఫొటో చూస్తాడు. ఫొటో కింద 'పరిశోధనాసక్తులు' అని ఉంటుంది. స్మార్ట్ టెక్స్‌టైల్స్, గాయాలకు కట్టే బట్టలు, నానో పూతలు, పాత బట్టల నుంచి కొత్త నూలు. బొటనవేలితో ఎంత తోసినా ఆ వరస తరగదు. మనిషికి ఇన్ని ఆసక్తులుంటే అన్నం ఎప్పుడు తింటాడో అనుకుని, నురగ ఉమ్మి, మళ్ళీ చూశాడు. నిన్న లేనిదొకటి ఇవాళ చేరింది.

తన పేరు కింద ఒక్కటే మాట ఉంటుంది. వీవింగ్. నేత. అది కూడా చాలాకాలం తప్పుగానే ఉండేది. ఆఫీసు గుమాస్తా ఇంగ్లీషులో ఒక అక్షరం మింగేసి వీవింగును 'వేవింగ్' చేశాడు. అంటే చేతులూపడం. పిల్లలు వరండాలో ఎదురైనప్పుడల్లా సోమలింగానికి చేతులు ఊపేవాళ్ళు. తనమీద అభిమానం అనుకుని ఆయన కూడా ఊపేవాడు. ఎవరికీ చెప్పకుండా ఆ తప్పు దిద్దించింది ఉమాకాంత్. ఆ సంగతి తెలిసిన రోజు సోమలింగానికి ముద్ద దిగలేదు. దిద్దించినందుకు కాదు, తనకంటే ముందు చూసినందుకు.

"అయిందా దర్శనం?" వంటింట్లోంచి భార్య నవత అడిగింది. "గాయన మొకం సూడకుంటె నీకు తెల్లారది గద."

"ఇయాల లోడ్ మీటింగున్నది."

సెమిస్టర్ మొదట్లో ఎవరు ఏ సబ్జెక్టు చెప్పాలో పంచుకునే సమావేశం అది. మూడో సంవత్సరం వాళ్ళకు నేత సిద్ధాంతం చెప్పడం సోమలింగం ఉద్యోగంలో చేరినప్పటినుంచీ సోమలింగం పని. ఈసారి దాన్ని ఉమాకాంత్ అడిగాడని స్టాఫ్‌రూములో గుసగుసలు వినిపించాయి.

"అడిగితె అడగనియ్యి. నీకు ఇంకోటిస్తరు."

"ఏమిస్తరు? ఫస్టియర్ల డ్రాయింగిస్తరు. నా పేరు మీదున్నదే అదొక్కటి నవతా. గది గుంజుకుంటె నేనేంది?"

నవత చపాతీ మీద నెయ్యి కాస్త ఎక్కువ రాసింది.

సూరత్ గోడాదరాలో వాళ్ళ సందు పొడవునా మగ్గాలు టకటకమంటూనే ఉంటాయి. కరీంనగర్ వైపు నుంచి చిన్నప్పుడే తండ్రి వెంట ఇక్కడికి వచ్చాడు సోమలింగం. తండ్రి మార్కండేయ ఒక ఖాతాలో మాస్టరు. సూరత్‌లో పవర్‌లూమ్ షెడ్డును ఖాతా అంటారు. ఆగిపోయిన మగ్గం కిందికి పానా పట్టుకుని దూరి, దాన్ని మళ్ళీ ఆడించేవాడిని మాస్టర్ అంటారు. మార్కండేయ గోళ్ళలో నూనె ఎప్పుడూ వదిలేది కాదు. అన్నం కలిపినా ఆ వాసనే. "నువ్వు సార్ గావాలె బిడ్డా, మాస్టర్ గావొద్దు," అని కొడుక్కి ఒకటే మాట చెప్పేవాడు.

కొడుకు సార్ అయ్యాడు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే ముదిరాడు. పీహెచ్‌డీకి పేరు ఇచ్చి, రెండు అధ్యాయాలు రాసి, గైడు రిటైరయ్యాక వదిలేశాడు. నిజం చెప్పాలంటే గొప్పగా చెప్పేవాడూ కాదు. పసుపెక్కిన నోట్సు చూసి బోర్డు మీద రాస్తాడు, పిల్లలు దించుకుంటారు, వెనక బెంచీ కునుకు తీస్తుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా అలా గడిచిపోయేది, ఉమాకాంత్ రాకపోతే.

ఉమాకాంత్ గోదావరి జిల్లావాడు. సోమలింగం కంటే బాగా చిన్నవాడు. వచ్చీ రాగానే పెద్ద ప్రాజెక్టు తెచ్చి, మూలన పడ్డ స్టోర్‌రూమును ఏసీ ల్యాబ్ చేశాడు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. తిట్టడానికి సందు ఇవ్వడు, అదే బాధ. అందరూ కలిసి డుమస్ బీచికి వెళ్ళినప్పుడు పిల్లలంతా ఉమాకాంత్‌ని చుట్టుముట్టి ఫొటోలు దిగారు, టమాటా భజియా నోట్లో పెట్టారు. సోమలింగం ఒడ్డున అందరి సంచులకూ కాపలా ఉన్నాడు. చివరికి ఉమాకాంత్ పొట్లం తెచ్చి, "మీకోసం వేడివేడిగా వేయించానండి," అన్నాడు. సోమలింగం కడుపు బాగాలేదన్నాడు. అది కడుపుమంటేనని ఆయనకూ తెలుసు.

ఇవన్నీ ఒక ఎత్తు, పిలుపు ఒక ఎత్తు. మొదట్లో ఉమాకాంత్ ఆయన్ని 'సార్' అనే పిలిచేవాడు. ఒకసారి ఇద్దరూ పిల్లల్ని తీసుకుని ఖాతా చూపించడానికి వెళ్ళారు. అది మార్కండేయ పనిచేసిన ఖాతాయే. ముసలి కార్మికుడొకడు సోమలింగాన్ని గుర్తుపట్టి, "అరె, మన మాస్టర్ కొడుకొచ్చిండు!" అని మగ్గాల చప్పుడు మించేలా కేకేశాడు. మర్నాటినుంచి ఉమాకాంత్ పిలుపు మారింది. "మాస్టారూ, టీ తాగారా?" "మాస్టారూ, గొడుగు తెచ్చుకున్నారా?" కోస్తా వాళ్ళు పంతుళ్ళని మాస్టారంటారని సోమలింగానికి తెలియకపోలేదు. కానీ నిన్నటిదాకా సార్ అన్నవాడు, ఖాతా చూసి వచ్చిన మర్నాడే మార్చడమెందుకు? పానా పట్టినవాడి కొడుకువని గుర్తు చేయడానికే. అలా తేల్చుకున్నాడు. అప్పటినుంచి ఆ మాట వినపడ్డప్పుడల్లా అన్నంలో నూనె వాసన వచ్చినట్టే ఉండేది.

మీటింగులో శాఖాధిపతి కిరీట్‌భాయ్ నాయక్ కళ్ళజోడు నుదుటికెక్కించి, మూడో సంవత్సరం నేత సిద్ధాంతం ఈసారి ఉమాకాంత్‌కి ఇద్దామనుకుంటున్నానని హిందీలో మెల్లగా చెప్పాడు. కిటికీ బయట వాన పడుతోంది. 

"నేనే అడిగానండి," అన్నాడు ఉమాకాంత్ ఆయన వైపు తిరిగి. "సగం మీరు చెప్పండి, సగం నేను చెబుతాను. కలిసి చేద్దాం మాస్టారూ."

అంతే. ఇన్నేళ్ళుగా అణచుకున్నది ఒక్కసారిగా పొంగింది.

"ఎవడయ్యా మాస్టర్?" సోమలింగం కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మా నాయన మాస్టర్. మగ్గం కింద పండి పానా తిప్పిండు. నేను గాదు. నేను సార్‌ను. నీ లెక్కనే నేను గూడ సార్‌నే. ఇంకోపారి మాస్టర్ అంటె బాగుండదు, చెప్తున్న."

ఉమాకాంత్ తెల్లబోయాడు.  ముఖాన చెమట పట్టింది. చేత్తో ఎడమ భుజం నొక్కుకున్నాడు, అప్పుడది ఎవరూ పట్టించుకోలేదు.

తెలుగు రాని నాయక్ గొడవేమిటని కంగారుపడ్డాడు. "క్యా హువా? లడాయి హై క్యా?"

"కుఛ్ నహీ సర్," అన్నాడు ఉమాకాంత్. "వో సబ్జెక్ట్ ఉన్‌కా హీ హై. ఉన్‌కో దీజియే." ఆ సబ్జెక్టు ఆయనదే, ఆయనకే ఇమ్మన్నాడు. తర్వాత సోమలింగం వైపు చూసి, బడిపిల్లాడిలా నెమ్మదిగా అన్నాడు. "మీరే చెప్పండి సార్. నాదే తప్పు."

సార్ అన్నాడు. సోమలింగం కూర్చున్నాడు. సబ్జెక్టు దక్కింది, పిలుపూ దక్కింది. వరండాలోకి వచ్చి వానజల్లు ముఖానికి తగిలేలా నిలబడ్డాడు. చాలాకాలానికి ఆకలేసింది. క్యాంటీన్‌లో శనగపిండి లోచో ఒక ప్లేటు తెప్పించుకుని, పైన సేవ్ కారప్పూస ఇంకొంచెం వేయించుకుని మరీ తిన్నాడు.

మధ్యాహ్నం ఛాతీ ముందుకేసుకుని మూడో సంవత్సరం క్లాసులోకి అడుగుపెట్టాడు. గలగలమంటున్న గది ఒక్కసారిగా చల్లబడింది. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు బెంచీలో సింధూజ, గోడాదరా తెలుగు పిల్లే, ధైర్యం చేసింది.

"ఉమాకాంత్ సార్ నహీ ఆయేంగే క్యా, సార్?"

"రాడు. నేనే చెప్త. ఆయనడిగిండని నాకిచ్చేది బంద్ చేస్తరా?"

"ఆయన అడగలే సార్," సింధూజ నేలచూపులు చూస్తూ అంది. "మేమే పోయి నాయక్ సార్‌కు చెప్పినం. ఉమాకాంత్ సార్‌కు తెల్సి, మమ్మల్ని మస్తు కోప్పడ్డడు. మీకు చెప్పొద్దన్నడు."

సోమలింగానికి అర్థమైంది. పిల్లలు తనను వద్దన్నారు. ఆ మాట తన చెవిన పడకుండా ఉమాకాంత్ తన నెత్తిన వేసుకున్నాడు. మంచి మనిషైతే అక్కడ కరిగిపోయేవాడు. సోమలింగానికి ఇంకా మండింది. సబ్జెక్టునూ మర్యాదనూ కూడా అతని చేతి దానంగా తీసుకున్నట్టయింది. ఇంత మంచితనం అతనికి మాత్రం దేవుడు ఎందుకిచ్చాడో అనిపించింది. బోర్డు వైపు తిరిగి 'పడుగు, పేక' అని ఇంగ్లీషులో రాసి, కింద గట్టిగా గీత గీశాడు.

గీత పూర్తికాకముందే కింద అంతస్తులో ఎవరో అరిచారు. పరుగులు వినిపించాయి. తలుపు దగ్గరికొచ్చిన కుర్రాడు, ల్యాబ్‌లో ఉమాకాంత్ సార్ పడిపోయాడన్నాడు. క్లాసంతా లేచింది. ఒక్కరూ సెలవడగలేదు. బెంచీల మధ్య సోమలింగం ఒక్కడే మిగిలాడు. అంత హడావుడిలోనూ ఆయనకు మొదట తోచింది, తాను పడిపోతే ఇలా పరిగెత్తుతారా అని. తర్వాతే కాళ్ళు కదిలాయి.

నాయక్ కారులో ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. గుండె, అన్నారు. డాక్టరు ఆ ముక్క చాలా మామూలుగా చెప్పి లోపలికి వెళ్ళాడు. గేటు బయట వానలో పిల్లలు గుంపుగా నిలబడ్డారు. ఒకరిద్దరు బావురుమన్నారు. నాయక్ గోడకేసి ముఖం తిప్పుకున్నాడు. సోమలింగానికి ఏడుపు రాలేదు. చావులో కూడా పైచేయి అతనిదే అయిందన్న పాడు ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనకు తనమీద తనకే అసహ్యం వేసింది.

వరండా బెంచీ మీద ఉమాకాంత్ భార్య సంధ్య కూర్చుని ఉంది. పక్కన ఎవరో నీళ్ళ సీసా పెట్టి వెళ్ళారు. ఆమె ఇంకా ఏడవలేదు. తలెత్తి సోమలింగాన్ని చూసి, ఇంటికొచ్చిన అతిథిని పలకరించినట్టే లేవబోయింది.

"కూసోమ్మా, కూసో."

"మీరు సోమలింగం మాస్టారు కదండీ? ఫొటోలో చూశాను. డుమస్‌లో దిగారు కదా, వెనకాల సంచులతో ఉన్నారు." గొంతు వణకలేదు, కానీ మాటలు ఆగడం లేదు. "ఇంట్లో ఎప్పుడూ మీ మాటేనండి. వాళ్ళ నాన్నగారు బడిపంతులు. ఊరంతా మాస్టారూ అనేవారు, ఈయనా అలాగే పిలిచేవారు, నాన్నా అని కాదు. ఆయన పోయాక ఆ పిలుపు ఇంకెవరికీ ఇవ్వనన్నారు. మీకే ఇచ్చారు. ఎందుకండీ అంటే, ఓ ఖాతాకి వెళ్ళాం, అక్కడ మాస్టర్ కొడుకొచ్చాడని వినగానే మనుషులు మగ్గాలు ఆపి వచ్చారు, అంత పెద్దమనిషి కొడుకుని ఉత్తి సార్ అని ఎలా పిలవను, అన్నారు."

సోమలింగం బెంచీ చివర కూర్చున్నాడు.

"పొద్దున మీతో మాట్లాడారా అండీ?"

"మాట్లాడిండమ్మా."

"ఏమన్నారు?"

ఆయన నోరు తెరిచాడు. ఉమాకాంత్ తనతో అన్న ఆఖరి మాట నాలుక చివరే ఉంది. అడిగి, అరిచి, నలుగురి ముందు గుంజుకున్న మాట. దాన్ని ఈమెకు ఎలా చెప్పడం? అప్పుడు ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టి, మొగుడు పోయిన ఆమే లేచి తన నీళ్ళ సీసా అందించేంతగా ఏడ్చాడు. అది చూసి సంధ్యకూ దుఃఖం కట్టలు తెగింది.

సాయంత్రం వాన వెలిశాక స్కూటర్ కోసం కాలేజీకి తిరిగొచ్చాడు. నవతకు ఫోన్ చేసి, "ఉమాకాంత్ పోయిండే," అని మాత్రం చెప్పగలిగాడు.  పార్కింగ్‌కి నేరుగా పోవచ్చు. కాళ్ళు మాత్రం ల్యాబ్ వైపు నడిచాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అటు తొంగిచూడలేదు. రమ్మని ఉమాకాంత్ ఎన్నిసార్లు పిలిచినా, చలి పడదనేవాడు.

తలుపుకు తాళం వేసేశారు. దుమ్ము పడకుండా ఆ ల్యాబ్‌లోకి చెప్పులు విడిచి వెళ్ళాలి. పిల్లలు గాభరాలో ఎవరివి వాళ్ళు తొడుక్కుని పరిగెత్తినట్టున్నారు. మనిషిని మోసుకుపోయిన హడావుడిలో అతని చెప్పుల సంగతి ఎవరికీ గుర్తురాలేదు. సోమలింగం వంగి చూశాడు. ఉమాకాంత్ ఖరీదైనవి తొడుగుతాడని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తన కాళ్ళకున్నవాటికంటే పాతవి. ఎడమదాని పట్టీ తెగితే నల్లదారంతో కుట్టించుకున్నాడు.

"మాస్టారూ," అన్నాడు సోమలింగం. ఆ మాట తన నోట తనకే కొత్తగా వినపడింది.

తలుపు ముందు ఆ చెప్పుల జత ముక్కులు లోపలికి తిరిగి, ఒకదానికొకటి ఆనుకుని ఉంది.