మోషే తాత పుట్టిన ఊరు

మోషే తాత సమాధికి వేయించే కొత్త రాతి మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే ఖాళీగా మిగిలింది. అదేదో తెలుసుకోవాలని మోషే మనవడు ఇమ్మానుయేలు, తన మనవరాలు అమలను వెంటబెట్టుకుని చిత్తూరు చర్చికి వెళ్లాడు.

దొరల కాలంనాటి బాప్తిస్మాల పుస్తకం. అంతా గొలుసుకట్టు ఇంగ్లీషు రాత. అమల వేలు పెట్టి ఓపిగ్గా చదివింది.

"తమ్ముళ్లుండారు, చెల్లెలుండాది. పెద్దోడు మోషే మాత్రం లేడు తాతా. ఆకాశం నుంచి ఊడిపడినాడా ఏంది?"

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, చింతపండు పిసుకుతున్న సుబ్బులమ్మ మొగుడి వైపు చూసి నవ్వింది.

"ఏమయ్యా, మన పెద్దోణ్ణి నేను యాడ కన్నాను? నీ ఇంట్లోనా?"

"మీ అమ్మగారింట్లో," అన్నాడు ఇమ్మానుయేలు.

"మరి మీ తాతను కన్న తల్లి మాత్రం తొలి కాన్పుకు పుట్టింటికి పోకుండా ఉంటాదా?"

మోషే తాత మేనమామలది పుత్తూరని ఇమ్మానుయేలుకు తెలుసు. మర్నాడే అమలతో పుత్తూరు బస్సెక్కాడు.

అక్కడి చర్చిలోనూ అలాంటి పుస్తకమే ఉంది. నాలుగు పేజీలు తిప్పేసరికి అమల ఎగిరి గంతేసింది.

"దొరికినాడు తాతా! పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది, జులై నెల. ఈడనే పుట్టినాడు!"

ఇమ్మానుయేలు ఆ అక్షరాల మీద వేలు పెట్టి, చదవడం రాకపోయినా చాలాసేపు చూశాడు. తర్వాత రాళ్లు చెక్కే ఏకాంబరానికి ఫోన్ చేసి సంవత్సరం చెప్పాడు.

"దాని పక్కన పుత్తూరు అని కూడా ఎయ్యప్పా," అన్నాడు.

ఇంటికి రాగానే సుబ్బులమ్మ అందుకుంది.

"తాతల కాడినుంచీ మాది చిత్తూరే అంటా ఉంటివే. ఇప్పుడేమంటావు?"

"అన్నం పెట్టు," అన్నాడు ఇమ్మానుయేలు, నవ్వాపుకుంటూ.