వేడి దిగని ద్రాక్ష

ద్రాక్ష ప్యాకింగ్ షెడ్డు ముందు లారీ వచ్చి ఆగిన దగ్గర్నుంచి అత్తగారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. లారీ మీద తెల్లటి రీఫర్ కంటైనరు ఉంది. దానికి బిగించిన చలి మిషను ఆపకుండా రొద పెడుతోంది. సాయంత్రంలోగా ఆ బండి ఓడరేవు గేటు దాటాలి. దాటితే ద్రాక్ష ఓడెక్కి, సముద్రం అవతల దుకాణాలకు చేరుతుంది.

షెడ్డు వెనక చల్లగదిలో కోడలు ఒక పెట్టె మూత తీసి, పండులోకి థర్మామీటరు సూది గుచ్చి చూసింది. తెల్లవారుజామున కరెంటు పోయి పెద్ద ఫ్యాన్లు చాలాసేపు ఆగిపోయాయి. పెట్టె పైకి చల్లగానే తగులుతోంది గానీ, పండు కడుపులో తోటలో ఎక్కిన ఎండ ఇంకా మిగిలే ఉంది.

"అత్తయ్యా, మధ్యాహ్నం దాకా ఆగుదాం. పండు ఇంకా వేడిగా ఉంది."

"కంటైనర్లో మిషనుందిగా. దారిలో అదే చల్లబడుతుంది."

"ఆ మిషను ఉన్న చలిని కాపాడుతుంది, అంతే. లేని చలిని తెచ్చిపెట్టదు."

"నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచీ పళ్ళు పంపిస్తున్నానమ్మా. పెళ్ళికొడుకు వాకిట్లో నిలబడితే, పెళ్ళికూతురు ఇంకా జడేసుకుంటోంది అన్నట్టుంది నీ వరస."

పెట్టెలు మోసేవాళ్ళు నవ్వారు. కోడలు పక్కకు వెళ్ళి భర్తకు ఫోన్ చేసింది. అతను తోటలో కోతల దగ్గరున్నాడు. అంతా విని, "అమ్మ ఏమంటోంది?" అన్నాడు. చెప్పింది. "అయితే మరి అమ్మ..." అంటుండగానే ఫోన్ పెట్టేసింది.

నలుగురిలో అత్తగారితో వాదం పెంచుకోలేక ఊరుకుంది. పెట్టెలు ఎక్కాయి. తలుపులు మూసి సీలు వేశారు. తాబేలు అని అందరూ పిలిచే డ్రైవరు బీడీ పారేసి, తన పేరు నిలబెట్టుకుంటూ నెమ్మదిగా బండి కదిలించాడు.

లారీ వెళ్ళిపోయాక కోడలికి షెడ్డులో నిలవబుద్ధి కాలేదు. కుర్చీలో కూర్చుంది, లేచింది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. కంటైనరు లోపల ఎంత వేడుందో ఫోన్లో కనిపిస్తుంది. చూసినప్పుడల్లా అదే అంకె. దిగడం లేదు. వేడి పళ్ళను చలిలో బిగించి మూస్తే చెమట పడతాయి. ఆ తడి ప్లాస్టిక్ కవర్లలోనే ఉండిపోతుంది. అన్ని రోజుల సముద్ర ప్రయాణంలో దానిమీద బూజు పట్టక ఏమవుతుంది?

ఇక ఆగలేక వ్యాను తాళాలు తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నారు అత్తగారు.

"రేవు దాకా వెళ్ళొస్తాను."

"నేనూ వస్తున్నా పద. ఇక్కడ కూర్చుని నేను మాత్రం చేసేదేముంది."

దారిపొడవునా అత్తగారు కిటికీ అద్దం దించడం, ఎక్కించడం తప్ప ఇంకేం చెయ్యలేదు. రేవు గేటుకు చాలా ముందే లారీల వరస మొదలైంది. తాబేలు బండి ఆ వరస మధ్యలో ఉంది. కోడలు దిగి కంటైనరు ముందువైపుకి వెళ్ళి మిషను మీద అంకె చూసింది. ఫోన్ అబద్ధం చెప్పలేదు.

ఓడ పనులు చూసే ఏజెంటుకు ఫోన్ చేసింది. "సాయంత్రం గేటు మూసేస్తారు మేడం. బండి లోపలికి పంపేయండి. అక్కడి సంగతి అక్కడివాళ్ళు చూసుకుంటారు. ఇప్పుడు వెనక్కి తీసుకెళ్తే సీలు తెగ్గొట్టాలి, కాగితాలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి" అన్నాడతను.

వ్యాన్లోకి వచ్చి కూర్చుంది. ముందున్న బండ్లు కదలడం లేదు. స్టీరింగు పట్టుకుని అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీకు అంత తొందరేమిటి ఎప్పుడూ? నిజంగానే అడుగుతున్నా."

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని, ఎదురుగా ఉన్న లారీల వైపే చూస్తూ చెప్పారు.

"మీ మామయ్యా నేనూ మొదటిసారి పళ్ళు పంపినప్పుడు ఈ చలి పెట్టెలు లేవు. మామూలు లారీ. ఏదో గొడవ జరిగి దారంతా ఆపేశారు. ఇట్లాగే వరస. మూడో రోజుకి లారీ కింద నుంచి రసం కారడం మొదలైంది. రోడ్డంతా జిగట, దానిమీద కందిరీగలు. ఆయన దాన్ని చూస్తూ రోడ్డు పక్కన కూలబడిపోయారు. లేవమంటే లేవలేదు. చెయ్యి పట్టుకుని నేనే ఇంటికి తీసుకొచ్చాను. అప్పట్నుంచి నిలబడ్డ బండిని చూస్తే నాకు ఊపిరాడదు. ఎలాగైనా సరే, ముందు కదలాలి అనిపిస్తుంది."

కోడలికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. భర్త కూడా. పెద్దావిడ మోకాలి మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచింది. జాలి వేసింది, నిజమే. కానీ జాలికి పండు చల్లబడదు కదా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూతిలో పడితే పైకి రాలేం, గొయ్యి అయితే పాక్కుంటూనైనా రావచ్చు అనుకుంది.

దిగి లారీ దగ్గరకు వెళ్ళింది.

"అన్నా, వరస తప్పించి బండి వెనక్కి తిప్పు. షెడ్డుకి పోదాం."

తాబేలు ఆమె వైపు చూడలేదు. ఆమె భుజం మీదుగా, వ్యాన్లోంచి దిగి వస్తున్న అత్తగారి వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా బండి ఎటు పోవాలో చెప్పింది ఆవిడే.

అత్తగారు వచ్చి కోడలి పక్కన నిలబడ్డారు. గేటు వైపు చూశారు. రేవు లోపల క్రేను ఒక కంటైనరును గాల్లోకి లేపుతోంది. ఆవిడ పెదవులు బిగించుకున్నారు.

"చెప్పింది వినపడిందిగా. ఇంకా నా మొహం చూస్తావేం?" అన్నారు.

తాబేలు పుట్టాక ఎప్పుడూ నడపనంత వేగంగా నడిపాడు.

షెడ్డులో ఆ మధ్యాహ్నం ఎవరూ కూర్చోలేదు. సీలు తెంచి తలుపులు తీయగానే తడి వాసన కొట్టింది. తలుపు దగ్గరి వరసల్లో కవర్ల లోపల నీటిచుక్కలు పట్టాయి. తోట నుంచి పరుగున వచ్చిన భర్త పెట్టెలు దించాడు. అత్తగారు కూడా వద్దంటున్నా మోశారు. తడిసిన పెట్టెల్ని అప్పటికప్పుడు ఊళ్ళో మార్కెట్టుకి తోలేశారు. మిగతావి చల్లగదిలోకి చేర్చి ఫ్యాన్లు పెట్టారు. కరెంటు మళ్ళీ పోతే ఉండనీ అని జనరేటరు కూడా తెప్పించారు.

వాళ్ళ కంటైనరు లేకుండానే ఓడ వెళ్ళిపోయింది. అవతల కొనేవాడు ఫోన్లో కోప్పడ్డాడు. ఆలస్యానికి కొంత ధర తగ్గించాడు కూడా. కోడలు విని, సరేనంది. తర్వాతి ఓడకు పండు కడుపు దాకా చల్లబడ్డాకే ఎక్కించారు.

అది సముద్రం మీదున్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. రోజూ పొద్దున్నే అత్తగారు, "ఎక్కడిదాకా పోయింది?" అని అడిగేవారు. కోడలు ఫోన్లో నీలం మీద చుక్కను చూపించేది. "నిన్న కూడా అక్కడే ఉంది కదే" అనేవారావిడ, తాబేలే నయం అని సణుగుతూ.

చివరికి అవతల నుంచి మాట వచ్చింది. కాడలు పచ్చగా ఉన్నాయి, మూలన కొన్ని పెట్టెల్లో పళ్ళు మెత్తబడ్డాయి, మిగతా సరుకంతా బాగుంది, ఇంకో కంటైనరు పంపగలరా అని. కోడలు అది రెండుసార్లు చదివి వినిపించింది. అత్తగారు తల ఊపారు. లోపలికి వెళ్ళి పడుకున్నారు. పట్టపగలు ఆవిడ పడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మధ్యలో ఒకసారి కొడుకు వెళ్ళి, అమ్మ ఊపిరి తీస్తోందో లేదో చూసొచ్చాడు.

కోడలికి మాత్రం కాలు నిలవలేదు. చెప్పులేసుకుని తోటలోకి నడిచింది. ఆలస్యంగా పండే నల్లద్రాక్ష అప్పుడే రంగు తిరుగుతోంది. ఒక గుత్తిని ఎత్తి, అరచేతిలో పెట్టుకుని ఎంత వెచ్చగా ఉందో చూసింది. మధ్యాహ్నపు ఎండ అందులో నిండుగా ఉంది. ఈసారి తెల్లారకముందే కోత మొదలుపెట్టాలి అనుకుంటూ తర్వాతి సాలులోకి తిరిగింది.