పదకొండేళ్ల పిస్తోలు

భార్య ఒలీటా పోయాక సెడార్ ఫోర్డ్ చర్చిలో వెర్లిన్ స్ట్రౌడ్‌ని ఒక్కరు కూడా నమ్మలేదు. ఈ సంగతి అతను ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. కాలికి ముల్లు గుచ్చుకుందని ఇంకొకరు వచ్చి చెప్పక్కర్లేదు.

అంతకుముందు నమ్మారు. పదకొండేళ్లు నమ్మారు. ఆ చర్చి తలుపు కాసే మగవాళ్లు నలుగురు. వాళ్లలో వెర్లిన్ పెద్దవాడు, అరవై ఎనిమిదేళ్లవాడు. ఎడమవైపు చివరి బల్ల, తలుపు పక్క చోటు అతనిది. అరవైమంది కళ్లు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు తెరిచి ఉండే కళ్లు అతనివి. అమెరికాలో ఆ మిస్సోరి రాష్ట్రంలో చర్చిలోకి తుపాకి తేవాలంటే పాస్టర్ ఒప్పుకోవాలి. పాస్టర్ లోవెల్ పదకొండేళ్ల కిందట వెర్లిన్ చెయ్యి పట్టుకుని ఊపి ఒప్పుకున్నాడు. కాగితం రాసుకోలేదు.

పిస్తోలు చిన్నది. అరచెయ్యంత ఉంటుంది. కుడి నడుముకి, ప్యాంటు లోపల, తోలు ఒరలో పెట్టుకునేవాడు. పొద్దున కాఫీ తాగి, బూట్లు తొడిగే ముందు పెట్టేవాడు. పడుకోబోయే ముందు బూట్లు విప్పాక తీసేవాడు. గడ్డి కోసేటప్పుడు ఉంది. కూతురి పెళ్లిలో కోటు కింద ఉంది. ఒకసారి జ్వరమొచ్చి పడుకుంటే దుప్పటి కిందా ఉంది. ఒలీటా చూసి, "జ్వరాన్ని కాల్చేస్తావా ఏమిటి?" అంది.

ఇదంతా పదకొండేళ్ల కిందటి ఒక మంగళవారం పుణ్యం. ఆ రోజు పాల కోసం వెళ్లాడు. పాలకే కదా అని పిస్తోలు ఫ్రిజ్ మీద వదిలేశాడు. దుకాణంలో ఎవడో తుపాకి తీశాడు. వెర్లిన్ చిప్స్ పొట్లాల పక్కన నేల మీద బోర్లా పడుకుని ఖాళీ నడుము తడుముకున్నాడు. గల్లా దగ్గర కూర్చునే ఫెర్న్‌కి భుజంలో గుండు దిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. పిస్తోలు ఉండుంటే తానేం చేసేవాడో వెర్లిన్‌కి తెలియదు. లేదన్నది మాత్రం తెలుసు. ఆపద చెప్పి రాదు. భయమేసిన రోజు మాత్రమే పెట్టుకునేవాడు ఆపదకి ముహూర్తం తాను పెడుతున్నాననుకుంటాడు. పెట్టుకుంటే ప్రతి రోజూ పెట్టుకోవాలి. లేకపోతే ఏ రోజూ వద్దు.

పిస్తోలు బయటికి కనబడకుండా చూసే పని ఒలీటాది. గడప దాటబోతుంటే వెనక నుంచి చూసి, "చొక్కా దానికి పట్టుకుంది," అని చొక్కా అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజేది. ఎంత అద్దమైనా మనిషికి తన వీపు చూపించదు.

ఫిబ్రవరిలో ఆమె కోళ్లకి నీళ్లు పోసి వస్తూ మెట్ల మీద కూలిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. చర్చి వెనక పాతిపెట్టారు. ఊళ్లోవాళ్లు గిన్నెలకి గిన్నెలు వండి తెచ్చారు. గిన్నెల అడుగున టేపు అంటించి ఎవరి పేరు వాళ్లు రాసుకున్నారు. వెర్లిన్ గిన్నెలు కడిగి తిరిగిచ్చేశాడు. ఆ తరవాత ఎవరూ రాలేదు.

మార్చి రెండో ఆదివారం ఒక చిన్న సంగతి జరిగింది. ప్రార్థన మొదలవక ముందు వెర్లిన్ మరుగుదొడ్డికి వెళ్లాడు. ఆ చర్చికి ఉన్నది ఒక్కటే. కూర్చునే ముందు పిస్తోలు తీసి తుడుచుకునే కాగితపు చుట్ట పెట్టే డబ్బా మీద పెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అలవాటు కొద్దీ మోచేత్తో నడుము తాకాడు. ఒర తగిలింది. బరువు తగల్లేదు.

తిరిగి వెళ్లేసరికి తలుపుకి అడ్డంగా ఆర్డిత్ నిలబడి ఉంది. చర్చిలో పియానో వాయించే ముసలమ్మ ఆమె. ఎనభై దాటింది. "పాడైంది, నీళ్లు రావట్లేదు, పదండి పదండి," అని ఇద్దరు ఆడపిల్లల్ని వెనక్కి తోలుతోంది. వెర్లిన్‌ని చూసి, "నువ్వు వెళ్లు నాయనా," అని పక్కకి జరిగింది. ముసల్దానికి మతి తప్పుతోందనుకున్నాడు. పిస్తోలు పెట్టినచోటే ఉంది. మొత్తం నాలుగు నిమిషాలు. అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ జరగలేదనుకున్నాడు.

ఏప్రిల్‌లో కొత్తవాడొకడు వచ్చాడు. పేరు గార్లండ్ టీగ్. నలభై ఏళ్లుంటాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చాననీ, పైపులు బిగించే పని చేస్తాననీ చెప్పాడు. గోళ్లు మాత్రం దొరబాబు గోళ్లలా ఉన్నాయి. కొత్తగా చర్చికి వచ్చినవాళ్లు జనం మధ్యలో దూరి కూర్చుంటారు. ఇతను కుడివైపు చివరి బల్ల మీద, వెర్లిన్‌కి సరిగ్గా పక్క వరసలో కూర్చున్నాడు.

చొక్కా బయటికి వదిలాడు. కూర్చునేటప్పుడు కుడి పక్క గోడవైపుకి తిప్పుకున్నాడు. పాటకి లేచినప్పుడు మోచెయ్యి నడుముకి ఒక్కసారి తాకి వచ్చింది. పాము కాళ్లు పాముకెరుక. వెర్లిన్ పాటల పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

తరవాతి ఆదివారమూ అంతే. ఆపై ఆదివారమూ అంతే. అందరూ తలలు వంచినప్పుడు వెర్లిన్ కళ్లు తెరిచి చూస్తే టీగ్ కళ్లూ తెరిచే ఉన్నాయి. అవి తలుపువైపు చూడటం లేదు. వెర్లిన్ చేతులవైపు చూస్తున్నాయి. కొంప ముంచడానికి వచ్చినవాడు ముందు కుక్క ఎక్కడ కట్టి ఉందో చూసుకుంటాడు. ఇక్కడ ఆ కుక్క తానే. తన కళ్లు కప్పితే అరవైమందీ వాడి చేతిలో ఉన్నట్టే. ఫెర్న్ భుజం లాంటిది ఇంకొకటి తన కళ్లముందు జరిగితే, ఈసారి పాల కోసం వచ్చానని చెప్పుకోవడానికి వీల్లేదు.

వెర్లిన్ టీగ్ బండి నెంబరు బైబిలు వెనక అట్ట మీద రాసుకున్నాడు. సోమవారం బావమరిది కోయ్ దగ్గరికి వెళ్లాడు. కోయ్ ఒలీటా తమ్ముడు. గడ్డికోత మిషన్లు బాగుచేస్తాడు. తలుపు కాసే నలుగురిలో ఒకడు.

"ఆ కొత్తవాడి నడుముకి ఉంది," అన్నాడు వెర్లిన్.

"ఏముంది?"

"నా తలకాయ ఉంది. పిస్తోలు."

"ఉంటే ఉండనీ బావా. ఈ కౌంటీలో ఎవడికి లేదు? మా అత్తకే రెండున్నాయి. ఆవిడకి కళ్లు కూడా ఆనవు."

"పాస్టర్‌కి తెలుసా?"

కోయ్ ఒక స్పార్క్ ప్లగ్గు తీసుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అది కొత్త ప్లగ్గు.

"అడుగుతున్నాను."

"తెలిసే ఉంటుందిలే. సరిగ్గా తింటున్నావా లేదా? మా ఆవిడ బెవర్లీ బీన్స్ వండింది, పట్టుకుపో."

"మనిషి గురించి అడిగితే బీన్స్ గురించి చెబుతావేం?"

"అక్క పోయిన దగ్గర్నుంచీ నువ్వు..." అని కోయ్ ఆగిపోయాడు.

"నేను? చెప్పు."

"ఏం లేదు బావా."

వెర్లిన్ బీన్స్ తీసుకుని ఇంటికొచ్చాడు. ఏం లేదన్నవాడి దగ్గరే అంతా ఉంటుంది. ఆ రోజు నుంచి అతని అనుమానపు చిట్టాలో కోయ్ కూడా చేరాడు.

మే మొదటి ఆదివారం చర్చి వదిలాక వెర్లిన్ టీగ్ బండి వెనకే తన బండి పోనిచ్చాడు. టీగ్ హైవే మీది హోటల్ దగ్గర ఆగాడు. వెర్లిన్ లోపలికి వెళ్లేసరికి మూల బల్ల దగ్గర, గోడకి వీపు ఆనించి, తలుపుకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. వెర్లిన్‌ని చూసి ఆశ్చర్యపోలేదు. అది ఇంకా పెద్ద అనుమానం.

"రండి బ్రదర్ వెర్లిన్. కోడి వేయించింది బాగుంటుందిట."

"గోడవైపు నేను కూర్చుంటాను. లే."

"నాకూ ఇటే కావాలి. ఇద్దరం ఒకే పక్కన కూర్చుంటే ఊరంతా పెళ్లెప్పుడని అడుగుతుంది."

వెర్లిన్ నవ్వలేదు. తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక తలుపు గంట మోగినప్పుడల్లా తల తిప్పి చూశాడు.

"ఏం పైపులు?" అన్నాడు.

"అంటే?"

"పైపుల పని అన్నావుగా. ఏం పైపులు?"

"గ్యాసువండీ."

"నేను ముప్ఫై ఏళ్లు గ్యాసు బండి తోలాను. ఆ పని చేసేవాడికి చేతివేళ్లు ఇలా ఉండవు."

"కొన్నాళ్లుగా పని లేదు లెండి."

"పని లేనివాడు కొత్త టైర్లు ఎలా వేయించాడు?"

టీగ్ మంచినీళ్లు తాగాడు. వడ్డించే పిల్ల వచ్చి ఏం కావాలని అడిగింది. ఇద్దరూ చెప్పారు. వెర్లిన్ చేతులు కడుక్కొస్తానని లేచాడు. నిజానికి వెనకదారి ఎటుందో చూసుకుందామని. అప్పుడు టీగ్ గొంతు తగ్గించి, పెద్దవాళ్లకి మందు గురించి చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"మరుగుదొడ్డిలో కూర్చోవాల్సి వస్తే దాన్ని ఒరలోంచి తియ్యకండి బ్రదర్. ప్యాంటుతో పాటు కాళ్ల మధ్యే ఉండనివ్వండి. లేచేటప్పుడు దానంతటదే వస్తుంది. డబ్బా మీద పెడితే ఎంతటివాడైనా మరిచిపోతాడు."

వెర్లిన్ అలాగే నిలబడ్డాడు.

"ఏ డబ్బా?"

టీగ్ మళ్లీ గ్లాసు అందుకున్నాడు. "మామూలుగా అన్నాను."

"మామూలుగా ఎవడూ ఆ మాట అనడు. ఎవరు చెప్పారు?"

"పాస్టర్‌తో మాట్లాడండి. నన్నడక్కండి. నాకు ఈ పని మొదట్నుంచీ ఇష్టం లేదు."

కోడి రాకముందే వెర్లిన్ బయటికొచ్చేశాడు. తిన్నగా పాస్టర్ లోవెల్ ఇంటికి వెళ్లాడు. పాస్టర్ వరండాలో బూట్లు విప్పి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వెర్లిన్‌ని చూసి కాళ్లు దించాడు.

"వాడెవడు?" అన్నాడు వెర్లిన్.

పాస్టర్ బూట్లు దగ్గరికి లాక్కున్నాడు. "మా చెల్లెలి అల్లుడు. పక్క కౌంటీలో షెరీఫ్ దగ్గర పోలీసు పని చేస్తాడు. ఆదివారాలు ఖాళీ."

"నా మీద కాపలా పెట్టావు."

"నీ మీద అనకు వెర్లిన్."

"ఏమనాలి? తుపాకి పెట్టుకుని నెల రోజులు నా చేతులు చూస్తూ కూర్చున్నాడు. దాన్నేమంటారో నువ్వే చెప్పు, బైబిలు చదివినవాడివి."

"కూర్చో."

"నిలబడే ఉంటాను."

"మార్చిలో ఆర్డిత్ ఆ గది తలుపు తీసింది. డబ్బా మీద నీ పిస్తోలుంది. ఆవిడ వెనక ఇద్దరు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. ఒకదానికి ఆరేళ్లు. ఆవిడ తలుపు మూసి, నువ్వొచ్చేదాకా దానికి అడ్డం నిలబడింది. ఆ రోజు పియానో మీద ఆవిడ వేళ్లు మాటిమాటికీ తప్పాయి. నువ్వు వినలేదా?"

విన్నాడు. స్వరాలు తప్పుతుంటే ముసలితనం అనుకున్నాడు.

"నా మొహం మీద ఎందుకు చెప్పలేదు?"

"భార్యని పాతిపెట్టి మూడు వారాలైనవాడికి ఏమని చెప్పను? నువ్వే వస్తావని చూశాం. నెలంతా చూశాం. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పుంటే గార్లండ్‌ని పిలిచే పనే లేదు."

"ఎంతమందికి తెలుసు?"

"ఆర్డిత్‌కి. తలుపు దగ్గరుండే ముగ్గురికి."

ముగ్గురిలో కోయ్ ఒకడు. వెర్లిన్‌కి బీన్స్ గుర్తొచ్చాయి.

"విను," అన్నాడు పాస్టర్. "మరిచిపోవడం తప్పు కాదు. ఆ స్థితిలో నేనైతే ప్యాంటే మరిచిపోయేవాణ్ణి. మరిచిపోయానని ఒక్కసారి చెప్పు. వచ్చే ఆదివారం తలుపు దగ్గర నువ్వే ఉంటావు, గార్లండ్ వాళ్ల ఊరు పోతాడు. నాకు ఇంకేమీ అక్కర్లేదు. మరిచిపోయి కూడా మరిచిపోలేదనే మనిషిని మాత్రం పిల్లల మధ్య ఉంచలేను."

మాట వెర్లిన్ నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నమాట. నాలుగు నిమిషాలంత చిన్నది. కానీ అది బయటికొస్తే పదకొండేళ్లూ లెక్కలోంచి పోతాయి. చిప్స్ పొట్లాల పక్కన బోర్లా పడుకున్నవాడు, ఆ తరవాత ఇన్నేళ్లు తలుపు కాసినవాడు ఒక్కడే అని తేలుతుంది. పైగా అది వినడానికి ఒలీటా లేదు. వీళ్లున్నారు. రెండు నెలలుగా తెలిసి కూడా చేతులు కలిపి, తిన్నావా పడుకున్నావా అని అడిగినవాళ్లు.

"నేను ఏ రోజూ మరిచిపోలేదు," అన్నాడు.

పాస్టర్ తల వంచుకుని బూట్ల వైపు చూశాడు. "అయితే అప్పుడు నీకిచ్చిన ఒప్పుదల వెనక్కి తీసుకుంటున్నాను. రావాలంటే ఒట్టి నడుముతో రా. నీ చోటు నీకుంటుంది."

"ఒట్టి నడుముతో నేను పెరట్లోకే పోను."

తరవాతి ఆదివారం వెర్లిన్ కాఫీ తాగాడు, ఒర బిగించాడు, బూట్లు తొడిగాడు. కుర్చీలో కూర్చున్నాడు. చర్చి గంట కొట్టడం వినిపించింది. లేవలేదు. సమాధి దగ్గరికి గురువారాలు వెళ్లేవాడు. అక్కడ ఎవరూ ఉండరు. చర్చి గోడ పక్కనుంచి కాకుండా చుట్టు తిరిగి, ముళ్లతీగ దాటి వెళ్లేవాడు.

జూన్‌లో కోయ్ వచ్చాడు. వెర్లిన్ అతన్ని లోపలికి రమ్మనలేదు. కోయ్ మెట్ల మీదే నిలబడ్డాడు.

"ఆర్డిత్‌కి ఒంట్లో బాలేదు బావా. రెండుసార్లు నిన్నడిగింది. తన వల్లే నువ్వు మానేశావని ఏడుస్తోంది."

"ఏడవమని నేను చెప్పలేదు."

"అంత రాయిలా మాట్లాడతావేం? ఆవిడ నీ పరువు దక్కించింది. కేక పెట్టుంటే ఆ రోజే అయిపోయేది."

"పెట్టాల్సింది."

"పోనీ పాస్టర్‌తో అనొద్దు. నాతో అను. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. మరిచిపోయావా లేదా?"

వెర్లిన్ అతని వెనక రోడ్డు మీద ఆగిన బండివైపు చూశాడు. లోపల ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. అద్దం దించి ఉంది. గొంతు అంతదూరం వినబడుతుందా అని కూడా లెక్కవేశాడు.

"నీకు తెలిసి, తెలియనట్టు ప్లగ్గు తుడిచావు," అన్నాడు. "తెలిసి నాకు బీన్స్ పెట్టావు. నువ్వు ఒలీటా తమ్ముడివి కాబట్టి మెట్లదాకా రానిచ్చాను. మెట్లు దిగు. ఆర్డిత్‌కి నువ్వు ఏం చెప్పుకుంటావో చెప్పుకో. నా దగ్గర మాత్రం ఈ మాట ఇవాళ్టితో ఆఖరు. నీతో అనను, పాస్టర్‌తో అనను, చచ్చేముందు ఎవరైనా మంచం పక్కన కూర్చుని అడిగినా అనను."