ఇంటావిడ రాసిన ఉత్తరం

ఆవిణ్ణి తొమ్మిది రోజులు తిప్పాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నేను బడి ఆఫీసులో గుమాస్తాని. అడ్మిషన్ల కిటికీ నాది. కాగితాలు చూసి నేను సరేనంటేనే ఫైలు హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీదికి వెళుతుంది. ఆవిడ నేను చూపించిన చోట సంతకం పెడుతుంది. వేసవి సెలవుల చివర్లో ఒక ముసలావిడ మనవరాలిని వెంటబెట్టుకుని కిటికీ ముందుకొచ్చింది. గొంతు వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"రోడ్డు వెడల్పు చేస్తూ మా ఇల్లు కొట్టేశారమ్మా. ఉన్నపళంగా అద్దె గదుల్లోకి వచ్చిపడ్డాం. పిల్లకి ఆరో తరగతిలో సీటు కావాలి."

ఆ ఇల్లు నాకు బాగా తెలుసు. దాని వెనకవాటాలో అమ్మా నేనూ ఎనిమిదేళ్ళు అద్దెకున్నాం. నాకు పదకొండేళ్ళప్పుడు, తన తమ్ముడు వస్తున్నాడని ఈవిడ మమ్మల్ని వారంలో ఖాళీ చేయించింది. పక్కవీధిలో ఒక గది దొరికింది గానీ, దాని యజమాని వేరే ఊళ్ళో ఉండేవాడు. ఆరో తరగతి సీటు కోసం ఇదే బడికి వస్తే, మేం ఈ పేటవాళ్ళమేనని ఇంటి యజమాని రాసిచ్చిన ఉత్తరం తెమ్మన్నారు. పాత ఇంటావిడ రాసిచ్చినా సరిపోతుందన్నారు. అమ్మ తొమ్మిది రోజులు ఆ గడప ముందు నిలబడింది. "వెళ్ళిపోయినవాళ్ళ గురించి నేనేం రాయను?" అంది ఈవిడ, అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటూ. సీటు పోయింది. ఆ ఏడాదంతా అమ్మతోపాటు ఇళ్ళలో అంట్లు తోమాను.

ఇప్పుడు కిటికీలోంచి సూటిగా నా ముఖంలోకి చూస్తూ కూడా ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. నాకు అది ఇంకా మంట.

"ఇంటి యజమాని ఉత్తరం ఏదండీ?" అన్నాను.

"అదేం ఉత్తరమమ్మా? మాది ఎప్పుడూ సొంతిల్లే. ఇలాంటివి మాకు తెలీవు."

"అద్దెకున్నవాళ్ళకి తెలుస్తాయి లెండి."

మర్నాడు వట్టి చేతులతో వచ్చింది. "ఇంటాయన రాయనంటున్నాడమ్మా. కాగితం చేతికిస్తే రేపు ఇల్లు ఖాళీ చెయ్యమేమోనని భయమట." నా కడుపు చల్లబడింది. ఉత్తరం సంగతి తర్వాత చూద్దాం, ఫొటోలు తెమ్మన్నాను. తెచ్చాక చిన్నవిగా ఉన్నాయన్నాను. ఆ తర్వాత టీకాల కార్డు. ఆ తర్వాత టీసీ నకలు పనికిరాదు, అసలుది కావాలి. అన్నీ మొదటిరోజే చెప్పొచ్చు. చెప్పలేదు. ఉత్తరం దొరకనివాళ్ళకి హెడ్‌మిస్ట్రెస్ మినహాయింపు ఇస్తుంది. ఆ ఫారం నా సొరుగులోనే ఉంది. ఆ సొరుగు జోలికే పోలేదు. అప్పటికి ఆరో తరగతిలో మిగిలింది ఒక్క సీటు.

తొమ్మిదో రోజుతో గడువు ఆఖరు. ముసలావిడ మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. మనవరాలు రోజూలాగే వరండా బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటానమ్మా. పిల్ల ఏడాది పాడైపోతుంది."

ఆ ముక్క కోసమే కాచుకుని ఉన్నాను. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, తెల్లకాగితం, పెన్ను ముందు పెట్టాను.

"నేను చెప్తాను, రాయండి. 'ఫలానా ఆవిడ, ఆమె కూతురు మా ఇంటి వెనకవాటాలో ఎనిమిదేళ్ళు అద్దెకున్నారు. వాళ్ళు ఈ పేటవాళ్ళే.'"

రాస్తున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది. తలెత్తి నన్ను చాలాసేపు చూసింది.

"నువ్వు వెనకవాటా ఆవిడ కూతురివా?"

"రాయండి."

ఆవిడ మళ్ళీ కాగితం మీదికి వంగింది. ఏడుస్తుందనుకున్నాను, క్షమించమంటుందనుకున్నాను. దేనికి ఏం బదులు చెప్పాలో ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకుని ఉన్నాను.

"మీ అమ్మ పేరేంటమ్మా?" అంది.

ఎనిమిదేళ్ళు ఒకే బావి నీళ్ళు తోడుకున్నారు ఇద్దరూ.

"మా అమ్మ పేరు కూడా తెలీదా మీకు?" అని అరిచాను.

"ఎప్పుడూ అడగలేదమ్మా," అంది, తలెత్తకుండానే.

సీటు లేదు, ఏం లేదు, లేవండి అని నోటిదాకా వచ్చింది. ఆ మాట మనవరాలి ఎదుటే అనాలనిపించింది. "ఏయ్ పిల్లా, ఇలా రా," అని కేకేశాను.

ఆ పిల్ల వచ్చి బల్ల ముందు నిలబడింది. "నాకు పేరుందండీ. అప్లికేషన్‌లో రాశాను. తొమ్మిది రోజుల నుంచి మీ దగ్గరే ఉంది."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఫైలు తెరిచాను. ఫొటో కొలత, టీకాల తేదీలు, టీసీ ముద్ర, అన్నీ భూతద్దం పెట్టి చూసినదాన్ని, మొదటి గడిలో గుండ్రటి అక్షరాలతో రాసిన ఆ పేరు ఒక్కసారీ చదవలేదు.

సొరుగు లాగి ఫారం తీశాను. హెడ్‌మిస్ట్రెస్ సంతకం పెట్టించుకొచ్చి, ఆఖరి సీటు ఎదురుగా ఆ పిల్ల పేరు నా చేత్తో రాశాను. అప్పుడు ముసలావిడ వైపు తిరిగాను.

"మా అమ్మ పేరు మీకు చెప్పను. ఆ చోటు ఖాళీ వదిలేసి కింద సంతకం పెట్టండి."

పెట్టింది. ఆ ఉత్తరం నా సొరుగులోనే ఉంది. దేనికీ పనికిరాదు, చించెయ్యను కూడా.

కక్ష తీరిందా అంటే తీరలేదు. రోజూ సాయంత్రం ఆవిడ మనవరాలి కోసం వచ్చి గేటు పక్కన గట్టు మీద కూర్చుంటుంది. నేను బయటికి రావడం చూసి, మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడుతుంది. నేను కూర్చోమనను.